రాకుమారి మేడలో పసిపిల్లల పాలు

మైసూరు చెలువాంబ మేడ ప్రస్తావన వస్తే చాలు, ఎవరో ఒకరు నిట్టూరుస్తారు: "అంత అందమైన భవంతిని ఆఫీసు చేసి పాడుచేశారు. హోటలు పెట్టినా బాగుండేది." ఈ మాట విన్నప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

మైసూరు మహారాజు నాల్వడి (నాలుగో) కృష్ణరాజ ఒడెయరు తన సోదరి, మూడో రాకుమారి చెలువాజమ్మణ్ణి కోసం కట్టించిన మేడ అది. 1950 అక్టోబరులో కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ, అదే సీఎఫ్‌టీఆర్‌ఐ, అందులో మొదలైంది. బెంగాల్ కరువు వచ్చి అప్పటికి ఏడేళ్లే. పండిన గింజ పురుగు పాలు కాకుండా చూడటం, ఉన్న తిండిని నిలవ చేయడం దేశానికి ప్రాణావసరం. ఆ పనికి రాచమేడ దొరికిందంటే నాకు గర్వంగా ఉంటుంది.

ఒక్క పాలపొడి సంగతే చూడండి. మన దేశంలో గేదెపాలే ఎక్కువ. అవి పసిపిల్లలకు పడవన్న అభిప్రాయం బలంగా ఉన్న కాలమది. కారణం లేకపోలేదు. వేడి ఆవుపాలలో, వేడి గేదెపాలలో విడివిడిగా నిమ్మరసం పిండండి. గేదెపాల విరుగు వేళ్ల మధ్య గట్టి ముద్దలా తగులుతుంది. కొవ్వు, కేసీన్ అనే పాల ప్రొటీన్ రెండూ ఎక్కువ కదా. నెలల బిడ్డ పొట్ట ఆ ముద్దను ఎలా అరిగించుకుంటుంది? తొలి డైరెక్టర్ వి. సుబ్రహ్మణ్యన్ కాలంలో ఈ సంస్థ శాస్త్రవేత్తలు ఆ చిక్కు విప్పారు. గేదెపాలను బిడ్డకు అరిగేలా మార్చి పొడి చేసే పద్ధతి కనిపెట్టారు. దాన్ని అందుకుని అమూల్ పసిపిల్లల ఆహారం తయారుచేసింది. ఎందరు తల్లుల దిగులు తీరిందో! దీన్ని పాడుచేయడం అంటారా?

వైస్రాయి బస కోసం 1921లో పునాది వేసి కట్టిన లలిత మహల్ అదే ఊళ్లో 1974 నుంచి హోటలయింది. తప్పనను. అన్ని మేడలకూ అదే దారి అంటేనే ఒప్పుకోను. చెలువాజమ్మణ్ణి అక్క జయలక్ష్మమ్మణ్ణి మేడ మైసూరు విశ్వవిద్యాలయానికి దక్కింది, అందులో జానపద మ్యూజియం వెలిసింది. నా దృష్టిలో అవి అదృష్టం చేసుకున్న గోడలు.

అయితే పాత మేడలో ఏ సంస్థ పెట్టినా ఒకటి గట్టిగా అడుగుతాను. సున్నపు గోడకు సిమెంటు పూయకండి. లోపలి తేమ బయటికి పోయే దారి లేక గోడ పొట్ట ఉబ్బి పెచ్చులూడుతుంది. ఏసీల కోసం పాత చెక్కడాలకు బెజ్జాలు పెట్టకండి. ఆమ్లాలు, ఆవిర్లు ఉండే ప్రయోగశాలలను కొత్త కట్టడాల్లోకి మార్చి, పాత మేడను గ్రంథాలయానికీ సమావేశాలకూ ఉంచండి. సున్నం పని తెలిసిన మేస్త్రీల కూలికి ఏటా బడ్జెట్‌లో విడిగా డబ్బు కేటాయించండి.