లాటిన్‌కీ లాటరీకీ తేడా ఉంది బాబూ

మూడు రోజుల్లో ఇదే మెసేజ్ ఐదుగురు పంపారు, ఐదోవాడు మా పెద్దనాన్న కొడుకు, వాడైతే కింద "చదువు, నీకు పనికొస్తుంది" అని కూడా రాశాడు, నేను పత్రిక డెస్కులో పదకొండేళ్ళు చేసొచ్చినందుకు కాబోలు. మెసేజ్ సారాంశం ఇదీ. 2013లో పోప్ బెనెడిక్ట్ రాజీనామా వార్త బయటపెట్టిన ఇటలీ జర్నలిస్టు జొవాన్నా కిర్రికి లాటరీ తగిలింది, ఆ గదిలో లాటిన్ తనొక్కదానికే వచ్చట. రెండువేల ఏళ్ళలో రాజీనామా చేసిన మొదటి పోప్ ఆయనేనట. వాటికన్ రిపోర్టర్ ఉద్యోగమంటే పోప్ విమానంలో ఫ్రీగా ప్రపంచం చుట్టి రావడమట. ఇక ఆఖరున, కేథలిక్ వార్తలు రాసేవాళ్ళంతా జీతం తీసుకునే భక్తులు, పిల్లల మీద ఫాదర్ల అఘాయిత్యాలు ఒక్కటంటే ఒక్కటి కూడా వాళ్ళు రాయలేదు, బయటోళ్ళు రాశారు అని. కింద దండం బొమ్మ, "పది మందికి పంపండి".

మొదటి పోప్ కాదు. 1294లో ఐదో సెలెస్టీన్ దిగిపోయాడు, 1415లో పన్నెండో గ్రెగరీ దిగిపోయాడు. అయిపోయింది, తర్వాత.

ఫ్రీ విమానం. టికెట్ డబ్బులు పత్రికో ఛానలో కట్టాలి, అదీ మామూలు టికెట్ కంటే ఎక్కువే. మెక్సికో టీవీ జర్నలిస్టు వాలెంతీనా అలజ్రాకి నూట యాభైకి పైగా పోప్ ప్రయాణాలు కవర్ చేసింది, 1979లో మొదటి ట్రిప్పులోనే రెండో జాన్ పాల్‌కి విమానంలో మెక్సికో టోపీ ఇచ్చింది. ఇవన్నీ ఫ్రీ అయ్యుంటే వాటికన్ ఈపాటికి దివాలా తీసుండేది.

సరే, లాటరీ. 2013 ఫిబ్రవరి 11 సోమవారం, పైగా వాటికన్‌కి సెలవు, 1929లో ఇటలీతో ఒప్పందం కుదిరిన రోజు. ఆ పొద్దున కార్యక్రమం ఏంటంటే ఎప్పుడో టర్కులు చంపేసిన, మతం కోసం ప్రాణాలిచ్చిన ఇటలీ ఊరు ఒత్రాంతో హతసాక్షులు ఎనిమిది వందల మందిని, ఇంకో ఇద్దరు సిస్టర్లని పునీతులుగా ప్రకటించే తేదీ ఖరారు చేయడం. మన దగ్గరైతే ఇలాంటి ప్రోగ్రామ్‌కి ఎవడు కూర్చుంటాడండీ, ప్రెస్ నోట్ వాట్సాప్‌లో పెట్టమని చెప్పి టిఫిన్‌కి పోతాం. కిర్రి మాత్రం ప్రెస్ రూమ్‌లో టీవీ ముందు కూర్చుని వింటోంది. తేదీలు అయిపోయాయి, ఇక లేద్దాం అనుకునే టైముకి ముసలాయన, అదే పోప్ బెనెడిక్ట్, మెల్లగా ఇంకో కాగితం తీసి లాటిన్‌లో చదవడం మొదలుపెట్టాడు, మధ్యలో "ఇన్‌గ్రావెసెంతె ఏతాతె" అన్నాడు. అంటే వయసు మీద పడుతోంది అని. ఇది వట్టి లాటిన్ ముక్క కాదు, ఎనభై దాటిన కార్డినల్స్‌కి, అంటే పోప్ తర్వాతి పెద్దలకి, పోప్ ఎన్నికలో ఓటు లేదని 1970లో ఆరో పౌల్ ఇచ్చిన ఆదేశం పేరు ఈ మాటలతోనే మొదలవుతుంది. లాటిన్ డిగ్రీ ఉన్నంత మాత్రాన, ఇది రాజీనామా మాట అని చెవిలో గంటలా మోగదు, ఏళ్ళ తరబడి ఆ బీట్‌లో, అంటే ఆ ఒక్క రంగం వార్తల్లోనే, నలిగినవాళ్ళకి మోగుతుంది.

మోగింది సరే, ఫ్లాష్ కొట్టాలిగా, అంటే అందరికంటే ముందు ఒక్క లైను బ్రేకింగ్ న్యూస్. వాటికన్ ప్రతినిధి ఫాదర్ లొంబార్దీకి ఫోన్ చేస్తే వెంటనే దొరకలేదు. ఆఫీసులో డెస్కుని ఒప్పించుకోవాలి. ఆరు వందల ఏళ్ళుగా జరగని సంగతి, తప్పని తేలితే జీవితాంతం ఆవిడని చూసి నవ్వుతారు. 11:46కి ఆవిడ పనిచేసిన ఇటలీ వార్తా సంస్థ అన్సా నుంచి ఫ్లాష్ వెళ్ళింది, ఆ తర్వాత ఆవిడ ఏడ్చేసిందట. ఆవిడే స్వయంగా ఏమందంటే పోప్ లాటిన్ చాలా సులువుగా అర్థమవుతుంది అని. మన ఫార్వర్డ్‌గాళ్ళేమో లాటరీ అంటారు. లాటరీ తగిలినోడు ఎవడైనా నంబరు కరెక్టేనా అని డెస్కుతో వాదిస్తాడా?

ఇప్పుడు అసలు ఒళ్ళు మండిన పాయింట్. అఘాయిత్యాలు "ఒక్కటి కూడా" రాయలేదట. 1985లో అమెరికాలోని లూసియానాలో గిల్బర్ట్ గోథే అనే ఫాదర్ కేసు తవ్వింది జర్నలిస్టు జేసన్ బెరీ, తను కేథలిక్కే. దాన్ని దేశమంతటికీ చూపించింది నేషనల్ కేథలిక్ రిపోర్టర్ పత్రిక, పేరులోనే కేథలిక్ ఉంది నాయనా. ఆ పత్రిక ఎంత భక్తిగల పత్రికంటే 1968లో సొంత ఊరు కాన్సస్ సిటీ బిషప్పే, మీ పేరులోంచి ఆ కేథలిక్ మాట తీసేయండి అని బహిరంగంగా ఖండించాడు. 1997లో లీజియన్ ఆఫ్ క్రైస్ట్ అనే ఫాదర్ల సంఘం స్థాపకుడు మార్సియల్ మసియేల్ గురించి అమెరికా పత్రిక హార్ట్‌ఫర్డ్ కూరంట్‌లో రాసింది ఇదే బెరీ, ఆ పత్రికలో మతం బీట్ చూసే జెరాల్డ్ రెనర్ కలిసి. బీట్ రిపోర్టరే! మసియేల్ అంటే రోమ్‌లో రెడ్ కార్పెట్ పరిచే రోజులవి. బాధితులు పేర్లు పెట్టి మరీ చెప్పారు. వాటికన్ ఆయన మీద చర్య ఎప్పుడు తీసుకుందో తెలుసా, 2006లో, తొమ్మిదేళ్ళకి. అంటే రాయనిది రిపోర్టరా? మరి చదివి కూడా పక్కన పెట్టింది ఎవరు? బాధితులు నోరు విప్పితే విన్నవాళ్ళని కూడా "భక్తులు" అని కొట్టిపడేస్తే రేపు ఇంకో బాధితుడు ఎవరి దగ్గరికెళ్ళి చెప్పుకోవాలి, మీ గ్రూపు అడ్మిన్‌కా?

ఇంకా ఉంది. 2015లో పర్యావరణం మీద పోప్ ఫ్రాన్సిస్ విశ్వలేఖ, అంటే అందరికీ రాసిన బహిరంగ లేఖ, టైము కంటే ముందే వేసేసినందుకు ఇటలీ జర్నలిస్టు సాంద్రో మాజిస్తెర్ ప్రెస్ కార్డుని వాటికన్ సస్పెండ్ చేసింది. వాటికన్ లోపలి డబ్బు వ్యవహారాల కాగితాలతో పుస్తకాలు రాసిన నుత్సి, ఫిత్తిపల్ది అనే ఇద్దరు జర్నలిస్టులని వాటికన్ కోర్టులోనే బోనెక్కించారు, 2016 జూలైలో మా పరిధిలోకి రాదని వదిలేశారు. జీతాలిచ్చి పెట్టుకున్న భక్తులకి ఇలా చేస్తారా ఎవరైనా?

అయితే ఒకటి ఒప్పుకుంటా, ఒప్పుకోకపోతే నాకే నిద్రపట్టదు. ఆ మాజిస్తెర్ సంగతే తిప్పి చూస్తే కార్డు వాళ్ళ చేతిలో, విమానంలో సీటు వాళ్ళ చేతిలో, కాగితం ముందుగా ఇచ్చేదీ వాళ్ళే, అలాంటి చోట నోరు కొంచెం తగ్గుతుంది, తగ్గలేదంటే అబద్ధం. ఫాదర్ల అఘాయిత్యాలని చర్చి దాచిపెట్టిందని అమెరికా పత్రిక బోస్టన్ గ్లోబ్ 2002 జనవరిలో బాంబు పేల్చింది కదా, ఆ ఫైలు తెరిపించమన్నది అంతకు ముందు ఏడాదే మయామీ నుంచి వచ్చిన కొత్త ఎడిటర్ మార్టీ బారన్, కేథలిక్ కాదు, యూదుడు. బోస్టన్‌లో పుట్టిపెరిగినోళ్ళకి అలవాటైపోయిన సంగతి ఆయనకి ఆశ్చర్యంగా కనపడింది. "బయటోళ్ళు" అన్న మాటలో ఆ మాత్రం నిజముంది. "ఒక్కటి కూడా" అన్న దాంట్లో లేదు.

మా పెద్దనాన్న కొడుక్కి ఇదంతా పంపితే వాడి రిప్లై, "మరి మనోళ్ళు?" అని, అంటే మన తెలుగు రిపోర్టర్లు. దానికి నా దగ్గర సమాధానం లేదు. 2025 మేలో పోప్‌ని ఎన్నుకున్న 133 మందిలో హైదరాబాద్ కార్డినల్ పూల అంతోని గారు ఒకరు, కర్నూలు ప్రాంతం మనిషి, దళితుల్లోంచి మొదటి కార్డినల్. రోమ్‌లో తలుపులేసుకుని కూర్చున్న ఆయన గురించి నాకు కనబడ్డ తెలుగు వార్తల్లో సగం ఏజెన్సీ కాపీకి అనువాదం, మిగతా సగం "మన తెలుగాయన పోప్ అవుతారా?"