వాల్తేరులో పక్కపక్కనే, చదువులో ఎవరి దారి వారిదే

విశాఖలో పెదవాల్తేరు మానసిక ఆసుపత్రి నుంచి ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఆటోలో పది నిమిషాలు కూడా పట్టదు. ఇటు సైకియాట్రీ (మానసిక వైద్యం)లో పీజీ చేస్తున్న డాక్టర్లు, అటు సైకాలజీ, సోషల్ వర్క్ విద్యార్థులు. రేపు ఒకే రోగిని చూడాల్సిన వీళ్లు ఒక్క పేపరు కూడా కలిసి రాయరు. మానసిక వైద్యంలో మన అసలు లోటు ఇదేనని నా వాదన.

గాజువాక నుంచి ఒకామె తాగుడుకు బానిసైన భర్తను తీసుకొచ్చిందనుకోండి. డాక్టరు మాత్రలు రాసి 'కౌన్సెలింగ్‌కి వెళ్లండి' అంటాడు. సైకాలజిస్టు కథంతా మళ్లీ మొదటి నుంచీ అడుగుతాడు. కాంట్రాక్టు పని పోయిన సంగతి, చీటీ బాకీ సంగతి సోషల్ వర్కర్‌కు మాత్రమే తెలుస్తాయి. అతను మాత్ర నాలుక కింద దాచి ఉమ్మేస్తున్నాడని నర్సు చూసింది, కానీ ఆమెను అడిగేదెవరు? ఆ ఇల్లాలు మాత్రం ఒకరి దగ్గర 'జబ్బు' అని, మరొకరి దగ్గర 'అలవాటు' అని, ఇంకొకరి దగ్గర 'ఇంట్లో టెన్షన్' అని విని వెనక్కి వెళ్తుంది.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం క్లినికల్ సైకాలజిస్టును, సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌ను, మానసిక ఆరోగ్య నర్సును పేరుపేరునా గుర్తించింది. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో ఈ చదువులన్నీ ఒకే ప్రాంగణంలో సాగుతాయి. వేర్వేరు వృత్తుల వాళ్లు ఒకరితో ఒకరు, ఒకరి నుంచి ఒకరు నేర్చుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లోనే చెప్పింది.

'ముందు డాక్టర్లేరీ? పోస్టులు నింపండి, తర్వాత కలిసి చదివిద్దురు గాని' అనేవాళ్లున్నారు. కొరత నిజమే. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో చాలా రాష్ట్రాల్లో లక్ష జనాభాకు ఒక్క సైకియాట్రిస్టు కూడా లేడని తేలింది. అందుకే కదా మిగతా ముగ్గురి పనికి విలువ పెరగాల్సింది!

2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురం మీదికి ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరిన్ విషవాయువు వచ్చింది. అలాంటి రాత్రి తర్వాత ఊపిరితిత్తుల సంగతి ఛాతీ డాక్టరు చూస్తాడు. ఏ చిన్న వాసన వచ్చినా పిల్లల్ని లేపుకుని రోడ్డు మీదికి పరుగెత్తే తల్లిని ఒక్క డాక్టరు, ఒక్క మందుల చీటీ బాగుచేయలేవు. మాత్ర, మాట, పరిహారం కాగితం మూడూ కావాలి. అవి ఇచ్చే ముగ్గురూ ఆ ఇంటి గుమ్మం దగ్గరే మొదటిసారి పరిచయం చేసుకుంటే ఎలా?

నేననేది పెద్ద ఖర్చు పని కాదు. వారానికో గంట, నాలుగు కోర్సుల విద్యార్థులు, ఒకే కేసు షీటు. నర్సింగ్ విద్యార్థి ముందు మాట్లాడాలి, డాక్టరు ఆఖర్న.

అసలు ఈ గోడ ఆసుపత్రిలో లేచింది కాదు, ఇంటర్‌లోనే లేచింది. పదో తరగతి దాటగానే పిల్లల్ని ఎంపీసీ, బైపీసీ అని విడగొడతాం. సీఈసీ అంటే 'మార్కులు రాలేదా?' అని చుట్టాలు అడుగుతారు. ఆ సీఈసీ పిల్లే సోషల్ వర్క్‌లో పీజీ (ఎమ్మెస్‌డబ్ల్యూ) చేసి, ఆపైన ఎంఫిల్ కూడా చేసి వార్డుకొస్తుంది. పదహారో ఏట నుంచీ తనదే పై మెట్టని విని పెరిగిన బైపీసీ కుర్రాడు అక్కడ డాక్టరు. కేసు షీట్లో ఆమె రాసిన రెండు పేజీలూ తిప్పకుండానే అతను మందుల చీటీ రాసేస్తాడు.