ప్యానెల్‌కు టెండరు, టీచరుకు మొండిచెయ్యి

తరగతి గోడకు ప్యానెల్ (తాకితే పనిచేసే పెద్ద డిజిటల్ తెర) బిగించి, ఫొటో తీసి పైకి పంపితే చదువు డిజిటల్ అయిపోయినట్టే లెక్క కడుతున్నారు. పాఠం మధ్యలో అది ఆగిపోతే సరిచేసి చెప్పే మనిషి మాత్రం టీచరుకు దొరకడు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నత పాఠశాలల్లో ఇంటరాక్టివ్ ప్యానెళ్లు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో ప్రాథమిక బడులకు స్మార్ట్ టీవీలు, ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లు కూడా అందాయి. వస్తువులకు కోట్లు దొరికాయి. వాటిని పాఠంగా మలచాల్సిన టీచరు దగ్గరికి వచ్చేసరికి ఖజానాకు తాళం పడింది.

ఇది కొత్త తప్పు కాదు, అందుకే మరింత ఆందోళన. 2008 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రంలో 5,000 ఉన్నత పాఠశాలల్లో కంప్యూటర్ గదులు వెలిశాయి. కంప్యూటర్లు, జనరేటరు, బోధకులు అన్నీ అయిదేళ్ల కాంట్రాక్టు కింద ఏజెన్సీలవే. గడువు తీరగానే బోధకులు ఇళ్లకు వెళ్లారు, గదులకు తాళాలు పడ్డాయి. బడిలో టీచర్లకు ఆ యంత్రాలు అలవాటు చేయాలన్న ఆలోచన కాంట్రాక్టు రాసినవారికి రాలేదు. ఆ గదుల్లో పేరుకున్న దుమ్మే ఇవాళ ప్యానెళ్ల మీద పేరుకోబోతోంది.

దుమ్ము అన్నది మాటవరసకు అన్నది కాదు. ఈ ప్యానెళ్లలో చాలావాటికి వేలి స్పర్శను పసిగట్టేది తెర అద్దం కాదు, చుట్టూ ఉన్న ఫ్రేములోంచి అడ్డంగా నిలువుగా పోయే పరారుణ కిరణాలు. సుద్దపొడి కింది అంచులో చేరితే ఆ కిరణాలు తెగుతాయి. అప్పుడు ఎవరూ తాకకుండానే తెర మీద గీతలు పడతాయి, పేజీలు వాటంతటవే మారిపోతాయి. కిటికీలోంచి ఎండ నేరుగా పడినా ఇదే తంతు. చేయాల్సింది చిన్న పని: ప్యానెల్ ఆపి, పొడి మెత్తటి గుడ్డతో ఫ్రేము లోపలి నాలుగు అంచులూ తుడవాలి, నీళ్లు చల్లకూడదు. ఈ రెండు ముక్కలు చెప్పేవారు లేక ‘టచ్ పోయింది’ అని రాసి, మెకానిక్ కోసం నెలల తరబడి ఎదురుచూసే బడులున్నాయి.

ల్యాప్‌టాప్ కలిపితే బొమ్మ వస్తుంది, తెర మీద రాస్తే మాత్రం కదలదు. హెచ్‌డీఎంఐ తీగ బొమ్మనే మోస్తుంది, స్పర్శ వెళ్లడానికి ప్యానెల్ నుంచి ల్యాప్‌టాప్‌కు వేరే యూఎస్‌బీ తీగ పెట్టాలి. ఇంట్లో అను ఫాంట్లలో టైపు చేసుకొచ్చిన తెలుగు పాఠం ప్యానెల్‌లో తెరిస్తే అర్థంకాని గుర్తులుగా మారుతుంది, ఆ ఫాంటు అక్కడ ఉండదు కాబట్టి. ఏ పరికరంలోనైనా తెలుగు కనిపించే యూనికోడ్‌లోకి మార్చాలి, లేదా ఇంట్లోనే పీడీఎఫ్ చేసి తేవాలి. 4 జీబీ దాటిన వీడియో ఎఫ్‌ఏటీ32 అనే పాత ఫార్మాట్‌లో ఉన్న పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కదు. ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే మరో ఫార్మాట్‌లోకి మారిస్తే కొన్ని ప్యానెళ్లు ఆ పెన్‌డ్రైవ్‌నే చదవవు. పీరియడ్ 45 నిమిషాలు. ఇందులో ఏ ఒక్కటి ఎదురైనా పావుగంట గాల్లో కలుస్తుంది. నలభై మంది పిల్లల ముందు రెండుసార్లు అలా నిలబడిపోయిన టీచరు మూడోసారి సుద్దముక్కే పట్టుకుంటారు. దానికి ‘టీచర్లకు ఆసక్తి లేదు’ అని పేరు పెట్టడం అన్యాయం.

యంత్రం పనిచేసినంత మాత్రాన పాఠం అయిపోదు. పదో తరగతి విద్యుత్ పాఠమే తీసుకోండి. పదిహేను నిమిషాల వీడియో పెట్టి కూర్చుంటే పిల్లలు సినిమా చూసినట్టు చూస్తారు. అదే కొలరాడో విశ్వవిద్యాలయం ఉచితంగా ఇస్తున్న ఫెట్ అనే కంప్యూటర్ ప్రయోగాల్లోని విద్యుత్ వలయాల నమూనాను ముందురోజే దించుకుంటే, నెట్ లేకున్నా నడుస్తుంది. మూడు బల్బులు శ్రేణిలో కలపాలి. ఒకటి తీసేస్తే ఏమవుతుందో పిల్లలు ముందు నోట్సులో రాయాలి, ఆ తర్వాతే తీసి చూపాలి. మూడూ ఆరిపోతాయి. సమాంతరంగా కలిపి మళ్లీ అడగాలి. మిగతా రెండూ వెలుగుతూనే ఉంటాయి. తప్పు ఊహించిన పిల్లవాడు ఎందుకని అడుగుతాడు. పాఠం మొదలయ్యేది అక్కడ. ఏ నిమిషంలో ఆపాలి, ఏ ప్రశ్న వేయాలి అన్నది కంపెనీ డెమో మనిషికి తెలియదు. అదే పాఠం నిన్న చెప్పిన మరో టీచరుకు తెలుస్తుంది.

ఆ మరో టీచరే ఇవాళ ఈ వ్యవస్థను మోస్తున్నారు. రాత్రి పూట సొంత ఫోన్‌లో తెరబొమ్మలు (స్క్రీన్‌షాట్లు) తీసి, ఏ మీట తర్వాత ఏది నొక్కాలో తెలుగులో రాసి, తోటివారికి పంచుతున్నవారు ప్రతి జిల్లాలోనూ ఉన్నారు. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్ చిరిగిపోతే దాని కింది ఆరక్షరాల కోడ్‌ను దీక్ష అనే కేంద్ర ప్రభుత్వ పాఠాల యాప్‌లో కొట్టవచ్చన్న చిట్కా ఎందరికో చేరింది ఇలాంటివారి పుణ్యమే. వారికి పైసా రాదు, ఒక్క పీరియడ్ కూడా తగ్గదు.

శిక్షణలు ఇచ్చామని, టోల్‌ఫ్రీ నంబరు ఉందని ప్రభుత్వాలు అంటాయి. ఒక రోజు డెమో శిక్షణ కాదు, ఎత్తని నంబరు సాయం కాదు. ఏడాదికి 50 గంటల వృత్తి శిక్షణ ఉండాలని 2020 జాతీయ విద్యావిధానమే చెప్పింది. ఆ గంటలు ధ్రువపత్రం కోసం ఫోన్‌లో వీడియోలు నడిపించడంతోనే నిండిపోతున్నాయి.

నిఘా విషయంలో మాత్రం ఎక్కడలేని చురుకు. 2022 ఆగస్టులో ముఖ గుర్తింపు హాజరు యాప్‌ను సొంత ఫోన్లలో వేసుకోమని ఆంధ్రప్రదేశ్ టీచర్లను ఆదేశించడానికి క్షణం ఆలస్యం కాలేదు. టీచరు వచ్చాడో లేదో చూసే యాప్ ఉంది. వచ్చిన టీచరు పాఠం చెప్పగలుగుతున్నాడో లేదో అడిగే నాథుడు లేడు. అదే ఏడాది డిసెంబరులో పంచిన ట్యాబ్‌లలో పాఠాలు నింపిన సంస్థ 2024 జులైలో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. సొంత టీచర్లను తయారు చేసుకోకుండా బయటివారి పాఠాల మీద ఆధారపడితే ఇంతకన్నా ఏం జరుగుతుంది?

మన దక్షిణాదిలోనే కేరళ ఉంది. 2001లో బడుల్లో కంప్యూటర్ చదువు కోసం ఐటీ ఎట్ స్కూల్ మొదలుపెట్టి, 2017లో దాన్ని కైట్ అనే సంస్థగా మార్చింది. టీచర్లలోంచే మాస్టర్ ట్రైనర్లను ఎంచుకుంది, ఎవరైనా వాడుకుని మార్చుకోగల స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాడింది, 2018 నుంచి లిటిల్ కైట్స్ పేరుతో పిల్లలకే యంత్రాల బాగోగులు నేర్పింది. అక్కడ ముందు మనుషుల మీద ఖర్చు పెట్టారు.

మన దగ్గర ప్రతి స్కూల్ కాంప్లెక్స్‌లో, అంటే దగ్గర దగ్గరి బడుల సముదాయంలో, ఒక టీచరుకు వారానికి పది పీరియడ్లు తగ్గించి ఈ పని అప్పగించాలి. ఒక టూల్‌కిట్, రెండు హెచ్‌డీఎంఐ తీగలు, రెండు యూఎస్‌బీ తీగలు, ఒక స్టెబిలైజరు కాంప్లెక్స్‌లో ఉంచాలి. ఇప్పటికే టీచర్లు రాసి పంచుకుంటున్న సూచనలను సరిచూసి, రాసినవారి పేరుతో అందరికీ అందించాలి. నెట్ రీఛార్జికి విడిగా డబ్బివ్వాలి. 100 మంది పిల్లలున్న బడికి ఏడాదికి వచ్చే 25,000 రూపాయల గ్రాంటులోంచి సుద్దముక్కలు, మరమ్మతులు, కరెంటు బిల్లు పోగా మిగిలేదేమీ లేదు. ఇవేవీ చేయకుండా మరో విడత పరికరాలకు టెండరు పిలిస్తే, 5,000 బడుల్లో చేసిన తప్పును తెలిసి తెలిసి మళ్లీ చేసినట్టే.

ఇకపై తనిఖీకి వెళ్లే అధికారులు ముందు తామే ప్యానెల్ ఆన్ చేసి, పిల్లల ముందు ఆ మూడు బల్బుల వలయం కలిపి చూపించాలి. అది చేతకానివారు టీచరు నుంచి సంజాయిషీ అడగకూడదు.