పరమాణువు ఉందని తేల్చింది లెక్కింపే

విల్‌హెల్మ్ ఓస్ట్‌వాల్డ్ 1909లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్నారు. అంతకు ఏడాది ముందు వరకు పరమాణువులు నిజంగా ఉన్నాయని ఆయన ఒప్పుకోలేదు. లెక్కల సౌలభ్యం కోసం వాటిని ఊహించుకోవచ్చు గానీ, అంతకు మించి నమ్మడానికి ఆధారం లేదన్నది ఆయన వాదన. భౌతిక శాస్త్రవేత్త ఎర్నెస్ట్ మాక్‌ది కూడా అదే పక్షం. డాల్టన్ పరమాణు సిద్ధాంతం వచ్చి అప్పటికి నూరేళ్లయింది.

ఈ నూరేళ్ల సందేహం మన తరగతి గదుల్లోకి రాదు. డాల్టన్ ప్రతిపాదించారు, థామ్సన్ ఎలక్ట్రాన్‌ను కనుగొన్నారు, రూథర్‌ఫర్డ్ కేంద్రకాన్ని కనుగొన్నారు, బోర్ కక్ష్యలు గీశారు. పిల్లలు ఈ వరుసను కంఠస్థం చేసి మార్కులు తెచ్చుకుంటారు. పరమాణువు ఉందని నీకెలా తెలుసని అడిగితే మాత్రం పుస్తకంలో ఉందంటారు. సైన్సును కూడా పెద్దలు చెప్పారు కాబట్టి నమ్మవలసిన సంగతిగా పిల్లలకు అప్పగిస్తున్నాం. నా అభ్యంతరమంతా దీని మీదే.

ఓస్ట్‌వాల్డ్ సందేహం మొండితనం కాదు. డాల్టన్ చూపిన ఆధారం బలమైనదే. 12 గ్రాముల కార్బన్ 16 గ్రాముల ఆక్సిజన్‌తో కలిస్తే ఒక వాయువు, సరిగ్గా రెట్టింపు 32 గ్రాములతో కలిస్తే మరో వాయువు వస్తాయి. 20తోనో, 27తోనో కలిసి మూడో వాయువు ఏర్పడదు. పదార్థం విడివిడి కణాలుగా ఉంటేనే ఇంత కచ్చితమైన నిష్పత్తులు రావాలనిపిస్తుంది. అయినా అది సూచనే, రుజువు కాదు. నీటిలో ఒక హైడ్రోజన్, ఒక ఆక్సిజన్ ఉంటాయని డాల్టనే పొరబడ్డారు. 1860లో కార్ల్స్‌రూహె నగరంలో శాస్త్రవేత్తలు సమావేశమయ్యే నాటికి కూడా ఏ పదార్థానికి ఏ సూత్రం రాయాలో ఏకాభిప్రాయం లేదు. ఇంత అయోమయం ఉన్నప్పుడు ఆధారం చూపమని అడగడం శాస్త్రవేత్త ధర్మం.

ఇక్కడ మన కణాదుని సంగతి కూడా చెప్పుకోవాలి. పరమాణు సిద్ధాంతం మనవాళ్లు ఏనాడో కనిపెట్టారని సామాజిక మాధ్యమాల్లో తరచూ కనిపిస్తుంది. కణాదుని దర్శనాన్ని అనుసరించిన వైశేషికుల ఆలోచన నిజంగా లోతైనది. పదార్థాన్ని అంతులేకుండా విభజించుకుంటూ పోగలిగితే ఆవగింజకూ మేరుపర్వతానికీ తేడా ఉండకూడదు కదా, కాబట్టి విభజన ఎక్కడో ఒకచోట ఆగాలి అన్న న్యాయ వైశేషికుల తర్కం ఈనాటికీ ఆలోచింపజేస్తుంది. వారు ఒక సంఖ్య కూడా చెప్పారు. కిటికీ సందులోంచి పడే ఎండలో కనిపించే ధూళిరేణువులో ఆరో వంతే పరమాణువు అన్నారు. ఈనాటి లెక్క ప్రకారం అలాంటి రేణువులో లక్షల కోట్ల కొద్దీ పరమాణువులు ఉంటాయి. ఇది వారిని తక్కువ చేయడం కాదు. తర్కం ఎంత పదునైనదైనా సంఖ్యను ఇవ్వలేదు. దానికి కొలత కావాలి. కణాదుని మీద గౌరవం ఉన్నవారు ఆ తేడాను పిల్లలకు దాచకుండా చెప్పాలి.

ఆ కొలతకు దారి ఒక వృక్షశాస్త్రవేత్త గమనించిన విషయంలో దొరికింది. 1827లో రాబర్ట్ బ్రౌన్ నీటిలో తేలే సన్నని కణాలు క్షణం కూడా ఆగకుండా అటూ ఇటూ కదలడం చూశారు. పుప్పొడి రేణువులే కదిలాయని చాలాచోట్ల రాస్తారు గానీ, కదిలినవి ఆ రేణువుల లోపలి నుంచి వెలువడిన అతి చిన్న కణాలు. ఇదేదో జీవశక్తి అనుకోకుండా ఆయన గాజుపొడి, రాతిపొడి, చివరికి ఈజిప్టు స్ఫింక్స్ శిల నుంచి వచ్చిన ముక్కను కూడా పొడిచేసి పరీక్షించారు. అన్నీ కదిలాయి. నీటి అణువులు అన్ని వైపుల నుంచీ ఎడాపెడా గుద్దుకోవడమే దీనికి కారణమైతే ఆ కదలిక ఎలా ఉండాలో 1905లో ఐన్‌స్టీన్ లెక్కగట్టారు. నాలుగు రెట్ల సమయం ఇస్తే రేణువు సగటున రెండు రెట్ల దూరమే జరగాలి.

దాన్ని కొలిచి చూపింది పారిస్‌లో జీన్ పెరిన్. ఈ కథలో నాకు అందరికంటే ఇష్టమైన మనిషి ఆయనే. చిత్రకారులు వాడే గాంబోజ్ అనే పసుపుపచ్చని చెట్టుజిగురును నీటిలో కలిపితే గుండ్రని రేణువులు ఏర్పడతాయి. ఆయనకు ఒకే పరిమాణంలో ఉన్నవి కావాలి. కిలో జిగురుతో మొదలుపెట్టి నెలల తరబడి గిర్రున తిప్పే యంత్రంలో వేరుచేస్తే, చివరికి గ్రాములో కొన్ని పదోవంతులు మిగిలాయి. వాటిని నీటిలో వేసి, వేర్వేరు ఎత్తుల్లో ఎన్ని రేణువులు నిలిచాయో సూక్ష్మదర్శినితో లెక్కపెట్టారు. ఒక ప్రయోగంలో మొత్తం 13,000 రేణువులు. పాత్ర అడుగు నుంచి 5, 35, 65, 95 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఎత్తుల్లో వాటి సంఖ్య 100, 47, 22.6, 12 నిష్పత్తిలో వచ్చింది. అంటే ప్రతి 30 మైక్రాన్లకు ఇంచుమించు సగమవుతోంది.

భూమి మీద గాలి కూడా ఇదే తీరున పలచబడుతుంది. సుమారు ఐదున్నర కిలోమీటర్లు పైకి వెళితే సగమవుతుంది. రెండింటినీ నడిపేది ఒకే నియమమైతే, సగమయ్యే ఎత్తుల మధ్య ఉన్న నిష్పత్తే బరువుల మధ్య తలకిందులుగా ఉండాలి. ఐదున్నర కిలోమీటర్లను 30 మైక్రాన్లతో భాగిస్తే సుమారు 18 కోట్లు వస్తుంది. అంటే నీటిలో ఆ జిగురు రేణువుకు మిగిలే బరువులో 18 కోట్లవ వంతు ఒక గాలి అణువు బరువు. రేణువు బరువు కొలవగలం కాబట్టి అణువు బరువు కూడా చేతికి చిక్కింది! కంటికి కనిపించని దాన్ని తూకం వేయడానికి ఇంతకంటే అందమైన పద్ధతి నాకు తెలియదు. తొమ్మిదో తరగతి పిల్లలకు ఇందులో అర్థం కానిదేదీ లేదు, భాగహారం తప్ప మరో గణితం అక్కరలేదు.

పెరిన్ అక్కడితో ఆగలేదు. వాయువుల స్నిగ్ధత (ప్రవాహానికి అవి చూపే నిరోధం), ఆకాశపు నీలిమ, వేడి వస్తువుల కాంతి, రేడియం నుంచి పుట్టే హీలియం ఇలా ఒకదానితో ఒకటి సంబంధం లేని పదికి పైగా దారుల్లో ఒక మోల్‌లో (12 గ్రాముల కార్బన్‌లో ఎన్ని పరమాణువులుంటాయో అన్ని కణాలున్న రాశి) ఎన్ని అణువులుంటాయో లెక్కించి పక్కపక్కన పెట్టారు. అన్నీ 6 × 10²³ నుంచి 7.5 × 10²³ మధ్యలోనే వచ్చాయి. పరమాణువులు కేవలం ఊహే అయితే ఇన్ని దారులు ఒకేచోట కలవడం అసాధ్యం. (2019 మే 20 నుంచి ఆ సంఖ్యను 6.02214076 × 10²³గా స్థిరపరిచారు.) ఓస్ట్‌వాల్డ్ తన అభిప్రాయం మార్చుకుని ఆ సంగతి అచ్చులో ప్రకటించారు. మాక్ మాత్రం మెత్తబడలేదు. బాల్యం విశాఖపట్నంలో గడిపి అక్కడే మెట్రిక్యులేషన్ పూర్తిచేసిన సి.వి. రామన్, 1921 నాటి ఓడ ప్రయాణంలో సముద్రపు నీలిమను పరిశీలించి, అది కేవలం ఆకాశపు ప్రతిబింబం కాదని, నీటి అణువులు కాంతిని చెదరగొట్టడానికి అందులో పాత్ర ఉందని చూపారు. ఆ పని కూడా ఈ పరంపరలోనిదే.

కేంద్రకం దొరికిందీ లెక్కింపుతోనే. మాంచెస్టర్‌లో గైగర్, ఇరవై ఏళ్ల విద్యార్థి మార్స్‌డెన్ చీకటి గదిలో కూర్చుని, రేడియోధార్మిక పదార్థం నుంచి దూసుకొచ్చే ఆల్ఫా కణం తగిలినప్పుడల్లా తెర మీద మెరిసే చిన్న చిన్న మెరుపులను లెక్కపెట్టారు. లోహపు రేకు మీద పడిన ఆల్ఫా కణాల్లో దాదాపు 8,000కు ఒకటి వెనక్కి తిరిగి వచ్చింది. ధనావేశం పుచ్చకాయ గుజ్జులా పరమాణువంతా పరుచుకుని ఉందన్న థామ్సన్ నమూనాతో దీన్ని వివరించడం కుదరలేదు. 1911లో రూథర్‌ఫర్డ్, పరమాణువుతో పోలిస్తే ఎంతో చిన్న చోట ధనావేశమంతా పోగుపడి ఉందన్నారు. ఏ కోణంలో ఎన్ని కణాలు రావాలో కూడా ముందే చెప్పారు. దాన్ని సరిచూడటానికి ఆ ఇద్దరూ లక్షకు పైగా మెరుపులు లెక్కించారు.

రూథర్‌ఫర్డ్ పరమాణువుకు ఒక పెద్ద లోపం ఉంది. గ్రహాల్లా తిరిగే ఎలక్ట్రాన్ శక్తిని వెదజల్లుతూ కన్ను మూసి తెరిచేలోపే కేంద్రకంలో పడిపోవాలి. 1913లో బోర్ కొత్త నియమాలు తెచ్చింది అందుకే. 1920ల్లో క్వాంటం యాంత్రిక శాస్త్రం ఆ కక్ష్యలను కూడా తీసేసి, ఎలక్ట్రాన్ ఎక్కడ దొరకవచ్చో చెప్పే సంభావ్యతనే మిగిల్చింది. అయినా పుస్తకాల అట్టల మీద ఆ వలయాల బొమ్మే ఉంటుంది. ఆ బొమ్మ వేయవద్దని నేననను. అది ఎక్కడ విఫలమైందో దాని పక్కనే రాయాలంటాను.

దీనికి కొత్త ప్రయోగశాలలు అక్కరలేదు. నీటితో బాగా పలుచన చేసిన పాలచుక్కను 400 రెట్లు పెద్దది చేసి చూపే సూక్ష్మదర్శిని కింద పెడితే, సన్నని కొవ్వు బిందువులు వణుకుతూ కనిపిస్తాయి. జీవశాస్త్రం కోసం కొన్న పరికరం చాలు. మారవలసింది ప్రశ్నపత్రం. డాల్టన్ ప్రతిపాదనలు రాయమని నాలుగు మార్కులు ఇచ్చే బదులు, పెరిన్ పట్టికలోని ఆ నాలుగు ఎత్తులు, నాలుగు సంఖ్యలు ఇచ్చి, 125 మైక్రాన్ల దగ్గర ఎన్ని రేణువులు ఉండాలో, ఎందుకో రాయమని అడగాలి. సుమారు 6 అని లెక్కగట్టి కారణం రాసిన పిల్లలకు నాలుగు మార్కులూ ఇవ్వాలి.