ఎర్ర బుట్టకు రెండు అర్థాలు

బెంగళూరు ఇళ్లలో ఎర్ర బుట్ట అంటే ఇక దేనికీ పనికిరాని చెత్త. 2015 డిసెంబరులో కర్ణాటక హైకోర్టు ఆదేశించినప్పటి నుంచి తడిచెత్తకు ఆకుపచ్చ బుట్ట, పొడిచెత్తకు సంచి, డైపర్లకూ పుండు తుడిచిన దూదికీ ఎర్ర బుట్ట అని ఈ నగరం అలవాటు చేసుకుంటూ వస్తోంది. అదే నగరంలో ఆసుపత్రి వార్డులోకి అడుగుపెడితే లెక్క మారిపోతుంది. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం అక్కడ ఎర్ర సంచి సెలైన్ గొట్టాలు, మూత్రపు సంచులు, సూది తీసేసిన సిరంజీలు, చేతి తొడుగుల కోసం. రక్తమంటిన దూది, కట్లు పసుపు సంచిలో పడాలి. పొద్దున ఇంట్లో దూదిని ఎర్ర బుట్టలో వేసి డ్యూటీకి వచ్చిన ఆయా, వార్డులో అలాంటి దూదినే పసుపు సంచిలో వేయాలి. పొరపాటైతే నిర్లక్ష్యమని ఆమెను తిట్టడం తేలికే గానీ, ఈ తికమకను సృష్టించింది మాత్రం ఆమె కాదు.

ఈ పొరపాటు సంచి మూతి కట్టడంతో ముగిసిపోదు. పసుపు సంచి సాధారణంగా దహన యంత్రానికి వెళ్తుంది. ఎర్ర సంచిలోని ప్లాస్టిక్‌ను ఆవిరి పీడనంతో శుద్ధి చేసి, ముక్కలు చేసి, తిరిగి వాడకానికి పంపుతారు. పీవీసీ ప్లాస్టిక్ గొట్టం పసుపు సంచిలో పడితే దాంట్లోని క్లోరిన్ మంటల్లో డయాక్సిన్లనే విషపదార్థాలకు దారితీస్తుంది. అందుకే దహన యంత్రంలో పొగను మళ్లీ కాల్చే రెండో గదిలో వేడి 1050 డిగ్రీల దగ్గర ఉండాలని నిబంధన పెట్టారు. ఆసుపత్రి చెత్తలో దాదాపు 85 శాతం మామూలు చెత్తేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అందులో రక్తపు కట్టు ఒక్కటి కలిసినా సంచి మొత్తాన్నీ ప్రమాదకరంగానే చూడాలి. కాబట్టి వేరు చేయాల్సింది మంచం పక్కనే, వాడిన చేతితోనే, వాడిన క్షణంలోనే. కింద గోదాములో ఎవరో విడదీస్తారులే అనుకోవడం ఆ ఎవరి చేతికో సూది అప్పగించడమే.

ఆ చేయి ఎవరిదో మన తెలుగువాళ్లకు చెప్పక్కర్లేదు. ఈ నగర పౌరకార్మికుల్లో, అంటే పారిశుద్ధ్య కార్మికుల్లో, చాలామంది తెలుగు మాట్లాడే దళిత కుటుంబాల మహిళలు. పొడిచెత్త సంచిని బోర్లించి, పాల కవర్లు ఒకపక్క, అట్టలు ఒకపక్క వేసే వేళ్లకు పల్చటి తొడుగు సూదిని ఆపదు. హెపటైటిస్-బి ఉన్నవారి రక్తమంటిన సూది గుచ్చుకుంటే, టీకా వేయించుకోనివారికి అది సోకే అవకాశం 30 శాతం దాకా ఉంటుంది. హెచ్‌ఐవీకి అది సుమారు 0.3 శాతం. పైగా హెపటైటిస్-బి వైరస్ ఎండిన రక్తంలోనూ కనీసం ఏడు రోజులు బతుకుతుంది. ఆసుపత్రి వ్యర్థాలను ముట్టుకునే సిబ్బందికి ఈ టీకా వేయించాలని 2016 నిబంధనలు స్పష్టంగా చెప్పాయి. ఆసుపత్రి గేటు బయట అదే సూదిని ఎత్తే మనిషికీ ఆ రక్షణ అంతే గట్టిగా దక్కాలి.

ఎందుకంటే సూది ఇప్పుడు ఆసుపత్రికే పరిమితం కాదు. ఇన్సులిన్ తీసుకునేవారున్న ప్రతి ఇంట్లోనూ ఉంది. వార్డులో సూదిని కట్టర్‌తో కత్తిరించి గుచ్చుకుపోని తెల్ల డబ్బాలో వేస్తారు. ఇంట్లో మూత బిగించి, కాగితంలో చుట్టి, ఏదో ఒక సంచిలో పడేస్తాం. ఇంటి సూదులను, సిరంజీలను గృహ ప్రమాదకర వ్యర్థాలుగా 2016 ఘన వ్యర్థాల నిబంధనలే గుర్తించాయి. సూదులు అమ్మే మందుల దుకాణమే నిండిన డబ్బాను తిరిగి తీసుకునే ఏర్పాటును నగరపాలక యంత్రాంగం తప్పనిసరి చేయాలి. వార్డు గోడ మీద కన్నడ, ఇంగ్లిషు అక్షరాలతో పాటు అసలు గొట్టం, తొడుగు, కట్టు బొమ్మలను ఏ సంచివి ఆ సంచి దగ్గరే అతికించాలి. అప్పటిదాకా మన ఇంటి సూదులు మందమైన ప్లాస్టిక్ డబ్బాలో, మూత బిగించి, పైన ‘సూదులు’ అని కన్నడంలోనూ తెలుగులోనూ రాసి, చెత్త బండితో వచ్చిన పౌరకార్మికురాలికి విషయం చెప్పి విడిగా చేతికివ్వాలి.