మా వీధి ప్రత్యేక హోదా

ఆంధ్రప్రదేశ్‌కి ప్రత్యేక హోదా ఇస్తామని 2014 ఫిబ్రవరిలో రాజ్యసభ సాక్షిగా అప్పటి ప్రధానమంత్రి చెప్పారు. ఆ తర్వాత ఏమైందో మీకు తెలుసు కాబట్టి ఆ గాయం జోలికి పోను. ఢిల్లీకి చేతకాని ఆ పనిని కావలిలో మా వీధివాళ్లం ఎప్పుడో చేసి చూపించామని మాత్రం సవినయంగా మనవి చేసుకుంటున్నాను. మా ఎదురింటి పిల్లవాడికి హోదా ఇచ్చాం. అడక్కుండానే ఇచ్చాం. ధర్నాలు లేవు, రైల్‌రోకోలు లేవు. ఆ పిల్లవాడిని ఒక మాట అడిగి చూద్దామన్న ఆలస్యం కూడా చేయలేదు.

వాడికి తొమ్మిదేళ్లు. కాన్పు కష్టమైంది, పుట్టగానే ఏడవలేదు, మెదడుకి ఆక్సిజన్ ఆలస్యంగా అందింది. దీన్ని డాక్టర్లు సెరిబ్రల్ పాల్సీ అన్నారు. ఎడమ కాలు ఈడుస్తాడు, ఎడమ చెయ్యి కాస్త బిగుసుకుని ఉంటుంది. కుడి చేత్తో బంతి విసిరితే మాత్రం మా మేడ మీది నీళ్ల ట్యాంకుకి తగులుతుంది. ఎక్కాలు పదిహేను దాకా గడగడా చెబుతాడు. తలకాయ బ్రహ్మాండంగా పనిచేస్తుంది. చిక్కంతా అక్కడే వచ్చింది. అది తర్వాత చెబుతాను.

హోదా పేరుతో మొదలవుతుంది. వాళ్ల నాయన జాతకం చూపించి, ఏ అక్షరంతో మొదలవ్వాలో కనుక్కుని మరీ పెట్టిన పేరొకటి ఉంది. అది ఆధార్ కార్డులో క్షేమంగా ఉంది. వీధిలో వాడి పేరు ‘పాపం’. “పాపం వస్తన్నాడు, పక్కకి జరగండ్రా.” “పాపానికి ఇంకో ఇడ్లీ వెయ్యి మే.” మన భాషలో ఉన్న సౌకర్యం చూడండి, జాలికీ దోషానికీ ఒకే మాటతో సరిపెట్టుకోవచ్చు. మేం జాలిగానే అంటాం. వాళ్లమ్మకి రెండో అర్థంలో వినబడితే అది ఆమె చెవుల తప్పు. ఆమె కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం నాడు కాళ్లు ముడుచుకుని పడుకుందా, కత్తిపీట ముట్టుకుందా అని మా ఆడవాళ్లు తొమ్మిదేళ్లుగా విచారణ జరుపుతున్నారు. సీబీఐ కూడా ఏ కేసునీ ఇంత శ్రద్ధగా సాగదీసి ఉండదు. పెదవి చీలి పుట్టిన బిడ్డకి ‘గ్రహణం మొర్రి’ అని పేరుపెట్టి, రోగంతో పాటు ముద్దాయినీ ఒకే మాటలో తేల్చేసిన జాతి మనది. కాలు దగ్గర ఊరుకుంటామా?

ఇక ఆట. మా వీధి క్రికెట్‌కి రాతలో లేని రాజ్యాంగం ఉంది. గోడకి తగిలితే రెండు, రిటైర్డ్ తాసిల్దారు గారి కాంపౌండ్లో పడితే ఔట్, బంతి తెచ్చుకోవడం కొట్టినవాడి ఖర్మ. ఇన్ని నిబంధనల్లో మావాడికి వర్తించేది ఒకటే, వాడు ఆటలో అరటిపండు. బ్యాటింగ్ ఇస్తారు. బంతిని నేల మీద దొర్లిస్తారు. వికెట్టు పడితే నిలబెడతారు. చేతిలో పడ్డ క్యాచ్‌ని అవతలివాడు నాలుక కరుచుకుని వదిలేస్తాడు. వీడు కొట్టిన పరుగులు ఏ జట్టు లెక్కలోనూ కలవవు. బ్రాడ్‌మన్ అంతటివాడు 99.94 సగటు దగ్గర ఆగిపోయాడు. మావాడు రెండేళ్లుగా ఒక్కసారీ ఔట్ కాలేదు కాబట్టి సగటు లెక్క కట్టడమే కుదరదు.

అదే వీధిలో ఆడపిల్లలు ఒంటికాలి మీద కుంటుతూ తొక్కుడుబిళ్ల ఆడతారు. చిన్నవాళ్లు కళ్లకి గుడ్డ కట్టుకుని తడుముకుంటూ ఆడతారు. ఉత్తుత్తి కుంటివాళ్లకీ ఉత్తుత్తి గుడ్డివాళ్లకీ మా దగ్గర మంచి గిరాకీ.

స్విట్జర్లాండ్‌లో పియాజె అనే పెద్దమనిషి గోలీలాడే పిలకాయల పక్కన చతికిలబడి, రూల్సు నాకు నేర్పండి అని బతిమాలి, 1932లో ఒక సంగతి తేల్చాడు. న్యాయం, ఒప్పందం, ఎదుటివాడి మాట లెక్కచేయడం లాంటివి పెద్దల నీతిబోధల కంటే సాటి పిల్లలతో ఆడుతూ, రూల్సు మీద వాదులాడుకుంటూ ఎక్కువగా వంటబడతాయట. ఆయన కావలి వచ్చి ఉంటే, పోట్లాట అనే కాలుష్యం సోకకుండా పిల్లవాడిని ఎట్లా పెంచవచ్చో చూపించేవాళ్లం. మావాడికి ఓడిపోవడం రాదు. ఓడిపోయాక మర్నాడు మళ్లీ రావడమూ రాదు. వాడితో తొండి చేసేవాడు లేడు, వాణ్ని తొండి చేయనిచ్చేవాడూ లేడు. కటీఫ్ చెప్పినవాడు లేడు కాబట్టి, రెండు రోజులు మొహం తిప్పుకుని మూడోరోజు జామకాయ సగం కొరికి చేతిలో పెట్టేవాడు కూడా లేడు. అందరూ వాడితో మంచిగా ఉంటారు. స్నేహంగా ఉండటానికే ఎవరికీ తీరిక లేదు.

బడిలోనూ ఇదే మర్యాద. ఆ బడి పేరెందుకు లెండి, ఏ బడైనా అంతే. హోంవర్కు చేయకపోతే అందరికీ గోడకుర్చీ, వాడికి చిరునవ్వు. ఒకసారి పరీక్షించడానికి కావాలనే నోటుబుక్కు ఇంట్లో పెట్టి వెళ్లాడట. “నీకేం పర్లేదు నాన్నా” అన్నారు టీచరమ్మ. వెంటనే పక్కవాడి వైపు తిరిగి, “నువ్వు మాత్రం కుంటిసాకులు చెప్పమాక” అన్నారు. క్లాసు క్లాసంతా తిరిగి మావాడి కాలు వైపు చూసింది. ఇందులో టీచరమ్మని తప్పుపట్టడానికి లేదు, ఆవిడ మాట్లాడింది అచ్చ తెలుగు. గుడ్డిలో మెల్ల, చెవిటివాడి ముందు శంఖం, చేలో పడ్డ గుడ్డెద్దు... ఇవి తీసేస్తే మనం తిట్టుకోవడానికి నోరే రాదు. బడి ఈడు పిల్లవాడు ‘ఈ పని నాకు చేతనవును’ అని తనకు తాను రుజువు చేసుకుంటూ ఎదగాలని, లేకపోతే న్యూనత పట్టుకుంటుందని ఎరిక్సన్ అనే మనస్తత్వవేత్త అన్నాడు. ఆ రుజువు చేసుకునే శ్రమ నుంచి మావాణ్ని పూర్తిగా తప్పించాం.

అట్లాగని వాడికి బహుమతులు తక్కువా? ఏటా డిసెంబర్ 3న, ఐక్యరాజ్యసమితి 1992లో పెట్టిన అంతర్జాతీయ వికలాంగుల దినం నాడు, కుర్చీలాటలో వాడికి స్టీలు డబ్బా వస్తుంది. మొదట లేచిపోయినా వస్తుంది, ఆఖర్న లేచినా వస్తుంది. వాళ్లింట్లో పప్పులూ ఉప్పులూ అన్నీ వాడి విజయాల్లోనే పోసి ఉన్నాయి. ఒక ఏడాది మూడు చక్రాల బండి పంపిణీలో ఫోటోకి మనిషి తక్కువైతే, నడుచుకుంటూ వెళ్లిన వాణ్ని ఎక్కించి కూర్చోబెట్టారు. ఫోటో అయ్యాక దింపారు. నడుచుకుంటూ ఇంటికొచ్చాడు.

ప్రభుత్వాలు మాత్రం ఊరికే కూర్చున్నాయా? వికలాంగులు అనే మాట బాగాలేదని 2015 డిసెంబర్లో ప్రధాని దివ్యాంగులు అనమన్నారు. మన రాష్ట్రంలో విభిన్న ప్రతిభావంతులు అంటున్నారు. ఇంత పొడుగు మాట మా వీధి పిలకాయల నోట్లో పట్టదు కాబట్టి పాత రెండక్షరాల తిట్టుకి వచ్చిన భయమేమీ లేదు. 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలుంటే, 2016 చట్టంలో 21 చేశారు. నలుగురిలో కావాలని అవమానిస్తే ఆరు నెలల నుంచి అయిదేళ్ల దాకా జైలు అని 92వ సెక్షన్ కూడా రాశారు. చదివి హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. చట్టం ఉద్దేశాన్ని అడుగుతుంది. మా వీధిలో ఎవరికీ ఏ ఉద్దేశమూ లేదు, ఉన్నదల్లా ప్రేమే. ప్రేమకి సెక్షన్ లేదు.

సదరం క్యాంపుకి వాళ్లమ్మకి తోడు నేనే వెళ్లాను. వైకల్యం ఎంత శాతమో డాక్టర్లు తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే చోటు అది. 40 శాతం ఉంటేనే పింఛనుకి అర్హత, 2024 నుంచి అది నెలకి 6,000 రూపాయలు. “కాలు సరిగ్గా పెట్టు, నిటారుగా నడువు” అని రోజుకి ఇరవైసార్లు చెప్పే తల్లి, ఆ ఒక్కరోజూ ఏమీ చెప్పలేదు. వాడు ఆమె మొహం వంక చూసుకుంటూ నడిచాడు. సర్టిఫికెట్ వచ్చింది. ఇప్పుడు మా వీధిలో వాడిని చూసి కుళ్లుకునే సౌకర్యం కూడా ఏర్పడింది. “మీకేమమ్మా, ఒకటో తారీకు వస్తే ఆరు వేలు” అంటాం.

నెల్లూరు రొట్టెల పండక్కి తీసుకెళ్లినప్పుడు ఇంకో ముచ్చట. స్వర్ణాల చెరువులో దిగి, కోరిక తీరినవాళ్ల చేతి నుంచి మన కోరిక రొట్టె అడిగి పుచ్చుకోవాలి, అది తీరితే తర్వాతి ఏడు వచ్చి మనం ఇంకొకరికి ఇవ్వాలి. చదువు రొట్టె, పెళ్లి రొట్టె, వీసా రొట్టె, అన్నీ ఉంటాయి. మావాడు నీళ్లలో దిగాడో లేదో, నలుదిక్కుల నుంచీ ఆరోగ్య రొట్టెలు వచ్చి పడ్డాయి. ఒక్కటీ వాడు అడిగింది కాదు. వాడడిగింది గట్టు మీద వేస్తున్న మిరపకాయ బజ్జీలు. మొహమాటానికి తొమ్మిది రొట్టెలు తిని, రాత్రంతా కడుపునొప్పితో ఉన్న ఆరోగ్యం కూడా పోగొట్టుకున్నాడు.

వాడి తలకాయ సంగతి చెబుతానన్నాను కదా. పోయిన మాఘమాసంలో వాళ్ల మేనత్తకి పెళ్లిచూపులు. అటువైపు వాళ్లు ఒంగోలు నుంచి కారులో వస్తున్నారు. ‘వాళ్ల వంశంలో ఉందేమో’ అన్న అనుమానం ఎందుకు రానివ్వాలని, మధ్యాహ్నమే వాణ్ని మా ఇంట్లో దించిపోయారు. “తాత దగ్గర కొత్త టీవీ ఉంది, చూసుకో నాయనా” అని చెప్పారు. నేను మురుకులు పెట్టాను, కార్టూన్ పెట్టాను, మనసులో నన్ను నేను మెచ్చుకున్నాను. కారు హారన్ వినబడింది. వాడు రిమోట్ తీసుకుని సౌండ్ తగ్గించాడు. ఎందుకురా అన్నాను. “నేను ఈడున్నట్టు తెలిసిపోద్ది గదా తాతా” అన్నాడు. అప్పటి నుంచి వాళ్లు వెళ్లేదాకా మురుకు కొరకలేదు, చప్పుడవుతుందని నోట్లో నానబెట్టుకున్నాడు. చూడండి, ఎంత బుద్ధిమంతుడో! మాటల్లో చెప్పకుండానే అర్థం చేసుకున్నాడు. హోదా అంతగా పనిచేసిన సందర్భం నాకు ఇంకోటి గుర్తులేదు. సంబంధం కట్నం దగ్గర తప్పిపోయింది.

ఇంత పకడ్బందీగా కట్టుకున్న వ్యవస్థని ఈ వేసవిలో ఒక ఆడపిల్ల కూల్చింది. మా తమ్ముడి మనవరాలు, పదేళ్లది, కనిగిరి వైపు పల్లె. ఆ ప్రాంతం భూగర్భజలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిన నీళ్లు, పళ్లు తయారయ్యే వయసులో ఏళ్ల తరబడి తాగితే పంటి మీద గోధుమరంగు చారలు పడతాయి. ఎంత తోమినా పోవు. అయితే ఆ పిల్ల చదివే బడిలో అందరివీ అవే పళ్లు కాబట్టి, అక్కడ వాటిని పళ్లనే అంటారు. ఇక్కడికొచ్చిన రెండోనాడు కొట్టు దగ్గర ఒకావిడ దాని గడ్డం పట్టుకుని, “పాపం, ఈ పిల్లకి పెళ్లెట్టా అవుద్దో” అంది. మూడోనాటి నుంచి అది నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. పదేళ్ల ఫ్లోరైడ్ చేయలేని పని మేం రెండ్రోజుల్లో పూర్తిచేశాం.

కానీ అది వచ్చింది పరాయి ఊరి నుంచి. మా రాజ్యాంగం దానికి తెలియదు. బంతి దానికిస్తే, దొర్లించాలని ఎవరూ చెప్పలేదు. పరుగెత్తుకొచ్చి వేసింది. మధ్య వికెట్టు ఎగిరిపడింది. “ఔట్!” అని అరిచింది.

వీధి మొత్తం నిశ్శబ్దమైపోయింది. ఎవరో వికెట్టు నిలబెట్టబోయారు. “వాడు అరటిపండు మే, వాడికి ఔట్ లేదు” అని వివరించారు. “అదేంది? బ్యాట్ పట్టుకున్నాడా లేదా? పట్టుకుంటే ఔటే” అంది. మావాడు కాసేపు దాని వంకా, వికెట్ల వంకా చూశాడు. తర్వాత బ్యాట్ నేలకేసి కొట్టి, “తొండి!” అని అరిచాడు. అది బ్యాట్ లాక్కుంది. వీడు దాని జడ పట్టుకున్నాడు. అది వీడి చొక్కా పట్టుకుంది. మేం పెద్దవాళ్లం పరుగెత్తుకెళ్లేసరికి రెండు గుండీలు ఊడిపోయాయి, మోచెయ్యి దోక్కుపోయింది.

సాయంత్రం మా అరుగు మీద పంచాయితీ కూర్చుంది. కాలు బాగాలేని బిడ్డ మీద చెయ్యి చేసుకున్నందుకు మా మనవరాలిని కనిగిరి బస్సెక్కించాలని తీర్మానం. నేనూ తలూపాను. మావాడి తల్లి మాత్రం పంచాయితీ వైపు రాలేదు. గడప మీద కూర్చుని గుండీలు కుడుతూ, “ఎన్ని పరుగులు కొట్టావు?” అని అడిగింది వాణ్ని. “ఏడు” అన్నాడు వాడు, ఇంకా ఏడుస్తూనే.

మర్నాడు పొద్దున ఆరున్నరకి ఎవరో మా గేటు టకటకా కొడుతున్నారు. వెళ్లి చూస్తే వాడు, చంకలో బ్యాటుతో. నన్ను పలకరించలేదు కూడా. నా పక్క నుంచి తల లోపలికి పెట్టి అరిచాడు.

“మేయ్! నిన్నటి ఔట్ చెల్లదు. బంతి వేసేటప్పుడు నీ కాలు గీత దాటింది, నేను చూశా.”

అది పళ్లు తోముకుంటున్నదల్లా బ్రష్షు నోట్లోంచి తీసి, రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

“యాడ దాటింది? రా, చూపించు!”