కత్తెర పడని వెంబ్లీ

బ్రిటిష్ రాక్ బ్యాండ్ క్వీన్ 1986లో చేసిన ఒకే టూర్ నుంచి రెండు లైవ్ ఆల్బమ్‌లు వచ్చాయి. మొదటిది 1986 డిసెంబరులో విడుదలైన ‘లైవ్ మ్యాజిక్’. రెండోది 1992 మే నెలలో వచ్చిన ‘లైవ్ ఎట్ వెంబ్లీ 86’. అదే బ్యాండ్, అదే వేసవి, పాటలు కూడా చాలావరకు అవే. అయినా మొదటిదాన్ని వీరాభిమానులు కూడా పెద్దగా తలుచుకోరు. రెండోది మాత్రం స్టేడియం రాక్ అనగానే గుర్తొచ్చే రికార్డుల్లో ఒకటిగా నిలబడిపోయింది. ఇందులో పాటల ఎంపిక కంటే కత్తెర పాత్రే ఎక్కువని నా అభిప్రాయం.

‘లైవ్ మ్యాజిక్’ ఒకే ఒక్క ఎల్పీ రికార్డు. అన్ని హిట్లూ అందులోనే పట్టాలని చాలా పాటల్ని కురచ చేశారు. ‘బొహీమియన్ రాప్సడీ’లో గొంతుల మీద గొంతులు పేర్చిన ఒపెరా భాగం పూర్తిగా ఎగిరిపోయింది. గిటార్ సోలో లేదు, సరదాకి పాడిన పాత రాక్ అండ్ రోల్ పాటలు లేవు. వింటుంటే చురుగ్గానే సాగిపోతుంది, కాదనను. కానీ కచేరీ విన్నట్టు ఉండదు, దాని ట్రైలర్ చూసినట్టు ఉంటుంది.

వెంబ్లీ ఆల్బమ్ 1986 జూలై 12, శనివారం రాత్రిది. లండన్‌లోని పాత వెంబ్లీ స్టేడియంలో వరసగా రెండు రాత్రులు కచేరీ జరిగింది, ఇది రెండోది. రెండు సీడీలు కావడంతో పాటలకు ఊపిరాడే చోటు దొరికింది.

ఇక్కడ స్టేడియం శబ్దం గురించి కొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే లైవ్ ఆల్బమ్ అంటే ‘జరిగింది జరిగినట్టు’ అనే భ్రమ చాలామందికి ఉంది. ధ్వని సెకనుకు దాదాపు 340 మీటర్లు వెళుతుంది. వేదికకు 170 మీటర్ల దూరంలో ఉన్న మనిషికి డ్రమ్ దెబ్బ అర సెకను ఆలస్యంగా చేరుతుంది. అతను దానికి తగ్గట్టు చప్పట్లు కొడితే, ఆ చప్పుడు వేదిక దాకా రావడానికి మరో అర సెకను. ‘రేడియో గా గా’ కోరస్‌లో జనమంతా చేతులు పైకెత్తి రెండేసి చప్పట్లు కొడతారు. ఆ పాట నడకలో ఒక బీటుకు పట్టే సమయం అర సెకను పైచిలుకే. అంటే వెనక స్టాండ్ల చప్పట్లు వేదిక మీదివాళ్లకు దాదాపు రెండు బీట్లు వెనకబడి వినిపిస్తాయి. డ్రమ్స్ దగ్గరున్న రోజర్ టేలర్ ఆ చప్పట్లను నమ్ముకున్నాడా, పాట కుంటినడకే. వాటిని పట్టించుకోకుండా తన లెక్కలో తను వాయించుకుపోవాలి. రికార్డులో మాత్రం వేదిక మీది మైకుల్నీ, జనంలో పెట్టిన మైకుల్నీ మిక్సింగ్‌లో కలిపి, ఎవరి పాలు ఎంతో తూకం వేస్తారు. ఆ రాత్రి స్టేడియంలో 70 వేల మంది దాకా ఉన్నారు. మనం సీడీలో వినే శబ్దాన్ని వాళ్లలో ఒక్కరు కూడా వినలేదు! అలాగని ఇది మోసం కాదు. అక్కడ ఎవరి కుర్చీని బట్టి వాళ్ల కచేరీ, మనకు మిక్సింగ్ ఇంజనీరు కుర్చీ దొరికింది, అంతే.

దీనికి 21 ఏళ్ల ముందు పరిస్థితి వేరు. 1965 ఆగస్టులో న్యూయార్క్ షే స్టేడియంలో బీటిల్స్ 55 వేల మంది ముందు వాయించారు. వాళ్ల యాంప్లిఫయర్లు ఒక్కోటి వంద వాట్లవి, గొంతులు స్టేడియం సొంత స్పీకర్లలోంచి వచ్చాయి. అరుపుల్లో వాళ్ల పాట వాళ్లకే వినబడలేదు. ఆ కచేరీ ఫిల్మ్ కోసం 1966 జనవరిలో లండన్ స్టూడియోలో కూర్చుని కొంత సౌండును మళ్లీ రికార్డు చేయాల్సొచ్చింది. అక్కడ జనం అడ్డంకి. వెంబ్లీ నాటికి జనం వాయిద్యంగా మారారు. క్వీన్ గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ ఒక రాగం విసిరితే స్టేడియం తిరిగి పాడుతుంది, ఇంకాస్త చిక్కుగా విసిరితే తడబడి నవ్వుతుంది. ‘లవ్ ఆఫ్ మై లైఫ్’లో అయితే పాటను చాలాచోట్ల జనానికే వదిలేశాడు.

మెర్క్యురీ గొంతు గురించి కూడా నిజం చెప్పుకోవాలి. స్టూడియోలో అందుకున్న పై స్వరాలు కొన్నింటిని అతను వేదిక మీద కిందికి దించి పాడతాడు, పైది టేలర్ అందుకుంటాడు. స్టూడియో ఆల్బమ్‌తో పోల్చి మార్కులు వేసేవాళ్లకు ఇది లోపం. నాకైతే టూర్ పొడవునా గొంతు కాపాడుకోవాల్సిన మనిషి లెక్కలు అందులో వినిపిస్తాయి.

‘బొహీమియన్ రాప్సడీ’ ఒపెరా భాగం దగ్గర బ్యాండ్ చేసిన పని నాకు మరీ ఇష్టం. నలుగురితో ఆ గొంతుల దొంతర లైవ్‌లో సాధ్యం కాదు. అందుకని వేదిక దిగి వెళ్లిపోయేవారు, స్టూడియో టేపు మోగేది, రాక్ భాగం రాగానే మళ్లీ ఊడిపడేవారు. పెదాలు కదుపుతూ నటించలేదు. వెంబ్లీ ఆల్బమ్‌లో ఆ టేపు భాగం అలాగే ఉంది. లైవ్ రికార్డులో లైవ్ కానిదాన్ని దాచకుండా ఉంచడం నిజాయితీ. ముందే రికార్డు చేసిన బ్యాకింగ్ ట్రాక్‌లు నడుస్తుంటే గిటార్లు ఊపే ఇప్పటి కొన్ని షోల కంటే ఇదే మేలు.

అన్నీ బాగున్నాయనను. గిటారిస్టు బ్రయాన్ మే సోలో నిమిషాల తరబడి సాగుతుంది. తను వాయించిన స్వరమే డిలే అనే పరికరం గుండా కాస్త ఆలస్యంగా తిరిగొస్తుంటే, దాని మీద ఇంకోటి పేర్చుకుంటూ పోతాడు. మొదట్లో అబ్బురంగా ఉంటుంది, సగానికొచ్చేసరికి ఓపిక పోతుంది. అయినా దాన్ని కోయకపోవడమే మంచిదైంది. పెద్ద కచేరీలో అలాంటి సాగదీతలు కూడా ఉంటాయి, వాటి తర్వాత వచ్చే పాట బలం కొంత వాటి వల్లే.

ఒక అనుమానం మిగులుతుంది. ఈ ఆల్బమ్ వచ్చింది మెర్క్యురీ పోయిన ఆరు నెలలకు. వెంబ్లీలో ఆ రాత్రి అతను బ్యాండ్ విడిపోతోందన్న పుకార్లను మొరటుగా తిప్పికొట్టి, చచ్చేదాకా కలిసే ఉంటామన్నాడు. 1986లో అది జనాన్ని కేరింతలు కొట్టించిన బడాయి. 1992లో విన్నవాళ్లకు గొంతులో ఏదో అడ్డం పడి ఉంటుంది. ఆల్బమ్‌కు వచ్చిన పేరుప్రఖ్యాతుల్లో కొంత వాటా ఆ మరణానికీ ఉంది, అది ఒప్పుకోవాల్సిందే. కానీ ఆ మాట రికార్డులో మిగలబట్టే కదా ఆ అర్థం తర్వాత వచ్చి చేరింది.

2011 నాటి 25 ఏళ్ల ఎడిషన్‌లో వానలో జరిగిన శుక్రవారం కచేరీ వీడియో కూడా ఇచ్చారు. ఆసక్తి ఉన్నవాళ్లు రెండు రాత్రుల్నీ పక్కపక్కన పెట్టుకుని చూడాలి. వేదిక మీది మాటల్లో, జనంతో ఆటల్లో ఏవి ముందే అనుకున్నవో, ఏవి అప్పటికప్పుడు పుట్టినవో అక్కడ తేలిపోతుంది.